వైబ్రేషన్ ప్లేట్‌తో కాళ్లలో రక్తప్రసరణ పెరుగుతుందా? హైదరాబాద్‌లో కొనేవాళ్ల కోసం రివ్యూ

ఇంట్లో వాడుకోవడానికి హైదరాబాద్‌లో దొరికే వైబ్రేషన్ ప్లేట్లు దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. ఎక్కి నిలబడటానికి రెండడుగుల పొడవున్న ప్లాస్టిక్ బల్ల, లోపల దాన్ని అదిరించే మోటారు, ముందువైపు డిస్‌ప్లే, ఒక రిమోట్, పక్కన తగిలించుకునే రెండు రబ్బరు తాళ్లు, కొన్నింటికి బ్లూటూత్ స్పీకర్. డబ్బా మీద 99 స్పీడ్ లెవెల్స్, 120 లేదా 150 కిలోల కెపాసిటీ, 10 నిమిషాల ఆటో టైమర్ అని ఉంటుంది. ఫిట్‌నెస్ షోరూముల్లో పొట్ట తగ్గుతుందని చెప్పి అమ్ముతారు. కోఠి వైపు సర్జికల్ షాపుల్లోనూ, కాలనీల్లో పెట్టే ఫ్రీ క్యాంపుల్లోనూ మాత్రం ముందు వినబడేది "బ్లడ్ సర్క్యులేషన్" అనే మాటే. కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయన్నా, పాదాలు చల్లగా ఉంటున్నాయన్నా, షుగర్ వల్ల మొద్దుబారాయన్నా ఇదే మిషన్ చూపిస్తారు. ఈ రివ్యూలో పొట్ట సంగతి పక్కన పెట్టి ఆ ఒక్క మాటనే పరీక్షిస్తున్నాం.

ముందు తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు సులువు. ఆరోగ్యంగా ఉన్న కాళ్లలో వైబ్రేషన్ వల్ల రక్తప్రవాహం పెరగడం నిజమే. అయితే ఆ పెరుగుదల నిమిషాల్లో తగ్గిపోతుంది, పైగా డోసును బట్టి, అంటే బల్ల ఎంత వేగంగా, ఎంత దూరం ఊగుతుందన్నదాన్ని బట్టి, మారుతుంది. ఆ డోసు ఎంతో రిమోట్ మీది నంబరు చెప్పదు. రోజూ అరగంట నడవగలిగినవాళ్లు ఈ మిషన్ మీద డబ్బు పెట్టక్కర్లేదు. మోకాళ్ల నొప్పితోనో, పక్షవాతం తర్వాతి బలహీనతతోనో నడక సాగనివాళ్లకు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో పనికొస్తుంది. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లు, అంటే ఈ మిషన్ ఎవరికని ఎక్కువగా చెప్తారో వాళ్లు, కాళ్ల ధమనుల పరీక్ష చేయించుకోకుండా దాని మీద కాలు పెట్టకూడదు.

పరిశోధనల్లో ఏం తేలింది

ఎక్కువమంది ఉదహరించేది 2001లో ఆస్ట్రియాలో కెర్షాన్ షిండ్ల్ బృందం చేసిన అధ్యయనం. ఆరోగ్యంగా ఉన్న 20 మందిని గెలీలియో అనే జర్మన్ ప్లేటు మీద 26 హెర్ట్జ్ (సెకనుకు 26 ఊపులు), 3 మి.మీ. ఆంప్లిట్యూడ్‌తో (మధ్య స్థానం నుంచి ఒకవైపుకు కదిలే దూరం) మొత్తం 9 నిమిషాలు నిలబెట్టారు. మోకాలి వెనక ఉండే పాప్లిటియల్ ధమనిలో రక్తం సగటు వేగం సెకనుకు 6.5 సెంటీమీటర్ల నుంచి 13కి పెరిగింది. రెసిస్టివ్ ఇండెక్స్ తగ్గింది, అంటే కింది చిన్న నాళాలు తెరుచుకున్నాయన్నమాట. పిక్క, తొడ కండరాల్లో కూడా రక్తం ఎక్కువగా తిరుగుతున్నట్టు పవర్ డాప్లర్ అనే స్కాన్‌లో కనిపించింది. "రక్తప్రసరణ రెట్టింపు" అని బ్రోచర్లలో రాసేది చాలావరకు ఈ లెక్కను చూసే.

అది నిజమైన ఫలితమే, కాకపోతే దాని హద్దులు దానికున్నాయి. రెట్టింపయింది రక్తం వేగం. ఎంత రక్తం వెళ్లిందో చెప్పాలంటే ధమని వెడల్పు కూడా కలిపి లెక్క కట్టాలి. ప్లేటు మీద చేసిన భంగిమల్లో కండరాల పని కూడా ఉంది కాబట్టి పెరిగిందంతా వైబ్రేషన్ ఖాతాలో వేయలేం. పైగా వాళ్లంతా ఆరోగ్యవంతులు.

2007లో లోమన్ బృందం 45 మంది మీద చేసిన అధ్యయనం ఈ చిక్కును కొంత విడదీసింది. 30 హెర్ట్జ్ వద్ద నిమిషం చొప్పున మూడుసార్లు వైబ్రేషన్ ఇచ్చి, పిక్క మీది చర్మంలో రక్తప్రవాహాన్ని లేజర్ డాప్లర్‌తో కొలిచారు. వ్యాయామం ఏమీ లేకుండా ఊరికే పిక్కలకు వైబ్రేషన్ తగిలినవాళ్లలో చర్మంలోని ప్రవాహం రెట్టింపై, ఆపేశాక కనీసం 10 నిమిషాలు అలాగే ఉంది. వైబ్రేషన్ లేకుండా వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో ఆ పెరుగుదల రాలేదు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఇది చర్మంలో రక్తం. పాదం వెచ్చబడటం, ఎర్రబడటం ఇక్కడి నుంచే వస్తాయి. ఫ్రీ క్యాంపులో కాళ్లు తీయగానే "చూడండి, ఎంత ఎర్రగా వచ్చిందో, రక్తం వచ్చేసింది" అని చూపించేది కూడా ఇదే. పైన చర్మం ఎర్రబడినంత మాత్రాన లోపల పెద్ద ధమనిలో ఉన్న అడ్డు తొలగినట్టు కాదు.

2009లో లిత్‌గో బృందం తొడ ధమనిలో కొలిస్తే, 5 నుంచి 30 హెర్ట్జ్ మధ్య వైబ్రేషన్‌తో సగటు వేగం గరిష్ఠంగా 33 శాతం పెరిగింది. మరోవైపు 2008లో హేజెల్ బృందం నిలువుగా కదిలే ప్లేటు మీద మోకాళ్లు సగం వంచి నిలబెట్టి చూస్తే, వైబ్రేషన్ లేకుండా అదే భంగిమలో నిలబడినదానికీ దీనికీ గుండె, రక్తప్రవాహాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఒకే పేరుతో అమ్మే మిషన్లన్నీ ఒకటే పని చేస్తాయని అనుకోవడానికి లేదు. ఏ రకం ప్లేటు, ఎన్ని హెర్ట్జ్, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ భంగిమ అన్న నాలుగూ చెప్పకుండా "సర్క్యులేషన్ పెరుగుతుంది" అంటే ఆ మాటకు విలువ లేదు.

పెరగడానికి కారణాలు రెండు. కండరం అదిరినప్పుడల్లా అసంకల్పితంగా బిగిసి వదులుతుంది, దాంతో పిక్కలోని సిరల్లో రక్తం పైకి నెట్టుకుపోతుంది. రెండోది, రక్తం నాళాల గోడకు రాసుకునే ఒత్తిడి పెరిగినప్పుడు గోడ లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, దానివల్ల నాళం వదులై వెడల్పవుతుంది. షుగర్ ఎక్కువ కాలం అదుపు తప్పినవాళ్లలో దెబ్బతినేది ముఖ్యంగా ఈ లోపలి పొరే. అందుకే ఆరోగ్యవంతుల మీద వచ్చిన అంకెను షుగర్ పేషెంటుకు యథాతథంగా అంటగట్టకూడదు.

మొదటి కొన్ని రోజులు తొడలు, పిక్కలు దురద పెట్టి ఎర్రబడటం మామూలే. ఎలర్జీ అని భయపడి మందులు వేసుకోనక్కర్లేదు. దిగిన అరగంటకు కూడా తగ్గకపోతే స్పీడు తగ్గించాలి.

రెండు రకాల ప్లేట్లు

ఒక రకంలో బల్ల మధ్యలో ఇరుసు ఉంటుంది. పార్కులో పిల్లలు ఎక్కే ఊగుడు బల్లలా ఎడమ కాలు లేస్తే కుడి కాలు దిగుతుంది. గెలీలియో ఈ రకం. ఇంటికి వాడే చవక ప్లేట్లలో ఎక్కువ భాగం కూడా ఇదే. రెండో రకంలో బల్ల మొత్తం ఒకేసారి పైకీ కిందికీ కదులుతుంది. పెద్ద జిమ్ములలో కనిపించే పవర్ ప్లేట్ మోడళ్లు ఈ పద్ధతివి. మొదటి రకం తక్కువ ఫ్రీక్వెన్సీతో ఎక్కువ దూరం ఊగుతుంది, రెండోది ఎక్కువ ఫ్రీక్వెన్సీతో కొద్ది దూరమే కదులుతుంది.

కాళ్ల రక్తప్రసరణ కోసమే అయితే ఊగే రకం మేలని మా అభిప్రాయం. నడకలో లాగే కాళ్లు వంతులవారీగా పనిచేస్తాయి, నడుము ఆ ఊపును కొంత మింగేస్తుంది, తలకు చేరే అదురు తక్కువ. 2007లో అబెర్‌క్రాంబీ బృందం రెండు రకాలనూ పోల్చినప్పుడు నిలువు రకంలోనే తలకు ఎక్కువ అదురు చేరింది. మోకాళ్లు 26 నుంచి 30 డిగ్రీలు వంచినప్పుడు అది బాగా తగ్గింది. అదే అధ్యయనంలో 30 హెర్ట్జ్, 4 మి.మీ. మొత్తం కదలికతో రోజుకు 10 నిమిషాలు నిలబడితే ఒంటికి తగిలే అదురు గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631-1 సూచించే హద్దు దాటుతుందని తేలింది. 10 నిమిషాల టైమర్ ఆగగానే మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

"త్రీడీ", "ఫోర్‌డీ" అని రాసినవి రెండు మూడు కదలికలను కలిపినవి. రక్తప్రసరణ కోసం వాటికి ఎక్కువ డబ్బు ఇవ్వనవసరం లేదు.

షాపులోనే డోసు లెక్క కట్టడం

99 లెవెల్స్ అంటే 99 హెర్ట్జ్ కాదు. అది మోటారు స్పీడును 99 మెట్లుగా పంచిన నంబరు, అంతే. 99 దగ్గర సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. దాన్ని షాపులోనే తేల్చవచ్చు. ఫోనులో స్లో మోషన్ 240 ఫ్రేములకు పెట్టి, ప్లేటు అంచున తెల్ల టేపు ముక్క అతికించి, పక్కన స్కేలు నిలబెట్టి ఐదు సెకన్లు వీడియో తీయాలి. తర్వాత ఫ్రేము ఫ్రేముగా నడిపి, టేపు పైనుంచి బయల్దేరి కిందికి పోయి మళ్లీ పైకి రావడానికి పట్టిన ఫ్రేములు లెక్కపెట్టాలి. ఒక్క ఊపు మీద లెక్క వేస్తే తప్పు పోతుంది, పది ఊపులు లెక్కించాలి. పది ఊపులకు 200 ఫ్రేములు పడితే ఒక్కోదానికి 20, అంటే 240ని 20తో భాగిస్తే 12 హెర్ట్జ్. కొన్ని ఫోన్లు 120 ఫ్రేములే తీసి మిగతావి కల్పించి 240 అని చూపిస్తాయి. సందేహం ఉంటే 120లోనే తీయడం నయం.

ఫైఫాక్స్ అనే యాప్‌లో, ఫోనులో కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్‌తో నేరుగా ఫ్రీక్వెన్సీ చూసే ప్రయోగం కూడా ఉంది, సులువైనదే. కాకపోతే దానికి ఫోనును ప్లేటు మీదే టేపుతో బిగించాలి. కొత్త ఫోన్ల కెమెరాల్లో ఉండే స్టెబిలైజేషన్ భాగాలు గట్టి అదురుకు పాడవుతాయి. 2021లో మోటార్‌సైకిళ్ల అదురు గురించి ఆపిల్ కంపెనీయే ఇలాంటి హెచ్చరిక ఇచ్చింది. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోను ఉంటే దాన్నే వాడాలి.

తర్వాత కదలిక కొలవాలి. పోస్ట్‌కార్డంత కాగితాన్ని ప్లేటు ముందు అంచున, పాదం ఆనే చోటుకు ఎదురుగా అతికించాలి. నేల మీద పెట్టిన బరువైన డబ్బాకు స్కెచ్ పెన్ను కట్టి, మొన కాగితానికి మెల్లగా తగిలేలా జరపాలి. ప్లేటు ఒక్క సెకను తిరిగితే చాలు, కాగితం మీద నిలువు గీత పడుతుంది. దాని పొడవే మొత్తం కదలిక. ఆంప్లిట్యూడ్ అందులో సగం. డబ్బాల మీద ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంటుంది. "10 మి.మీ. ఆంప్లిట్యూడ్" అని రాసినది చాలాసార్లు అంచు చివర మొత్తం కదలిక, అదీ ఎవరూ నిలబడనప్పుడు.

ఊగే రకంలో పాదం మధ్యగీతకు ఎంత దూరంలో ఉందన్నది మరీ ముఖ్యం. 20 సెం.మీ. దూరంలో గీత 10 మి.మీ. పడితే, 10 సెం.మీ. దూరంలో 5 మి.మీ. మాత్రమే పడుతుంది. సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. అంటే రిమోట్ ముట్టుకోకుండానే, కాళ్లు దూరం జరిపినంత మాత్రాన డోసు రెట్టింపవుతుంది. ప్లేటు మీద పాదాల స్థానాలకు గీతలో అంకెలో లేని మోడల్ తీసుకోకపోవడం మంచిది. తీసుకున్నా, ఇంటికి రాగానే స్కేలు పెట్టి 8, 12, 16 సెం.మీ. దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో గీతలు గీసుకోవాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఫ్రీక్వెన్సీని దానితోనే గుణించి, దాన్ని మిల్లీమీటర్లలో ఉన్న ఆంప్లిట్యూడ్‌తో గుణించి, చివరికి 0.004తో గుణిస్తే పాదానికి తగిలే గరిష్ఠ త్వరణం భూమ్యాకర్షణతో పోలిస్తే ఎన్ని రెట్లో, అంటే ఎన్ని "జి"లో, వస్తుంది. పైన చెప్పిన 12 హెర్ట్జ్ ప్లేటు మీద 10 సెం.మీ. దూరంలో నిలబడితే ఆంప్లిట్యూడ్ 2.5 మి.మీ. కాబట్టి సుమారు 1.4 జి. 20 సెం.మీ. దగ్గర 2.9 జి. 2001 నాటి అధ్యయనంలో 26 హెర్ట్జ్, 3 మి.మీ. అంటే 8 జి పైమాటే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఫలితాన్ని ఈ మిషన్ డబ్బా మీద అచ్చు వేయడం ఎందుకు సరికాదో తెలుస్తుంది. అలాగని ఇంట్లో 8 జి కోసం వెతకడమూ ప్రమాదమే. అక్కడ నిలబడినవాళ్లు ఆరోగ్యవంతులు, పక్కన చూసుకునేవాళ్లు ఉన్నారు.

కొలతలన్నీ మనిషి ఎక్కి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడినప్పుడే తీయాలి. చిన్న మోటారు ఉన్న ప్లేట్లు ఖాళీగా ఉన్నప్పుడు బాగా తిరిగి, 80 కిలోల మనిషి ఎక్కగానే మందగిస్తాయి. ఖాళీ ప్లేటుకూ, మనిషి ఎక్కిన ప్లేటుకూ హెర్ట్జ్‌లో పదో వంతుకు మించి తేడా వస్తే 150 కిలోల కెపాసిటీ అన్న మాటను పక్కన పెట్టి వేరే మోడల్ చూడాలి. వీడియో తీసుకోనివ్వని షాపులో కొనకపోవడమే మంచిది.

ఎలా నిలబడాలి, ఎంతసేపు

వట్టి కాళ్లతోగానీ పలుచని అడుగున్న బూట్లతోగానీ ఎక్కాలి. మెత్తని స్పోర్ట్స్ షూ అదురును మింగేస్తుంది. మొదటి రెండు వారాలు పాదాలు మధ్యకు దగ్గరగా, 8 నుంచి 10 సెం.మీ. దూరంలో ఉంచి, 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య, ఒక నిమిషం నిలబడి ఒక నిమిషం దిగాలి. ఇలా ఐదుసార్లు చాలు. వారానికి మూడు రోజులు చేస్తే సరిపోతుంది. అలవాటయ్యాక ముందు నిమిషాలు పెంచాలి, తర్వాత పాదాల దూరం, ఆఖరున స్పీడు. మూడూ ఒకేసారి పెంచితే, నొప్పి వచ్చినప్పుడు కారణం ఏదో తేల్చుకోలేం.

మోకాళ్లు బిగించి నిటారుగా నిలబడటమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. త్వరణం 1 జి దాటితే పాదం ప్లేటును వదిలి మళ్లీ పడే అవకాశం ఉంటుంది. ఆ దెబ్బ బిగుసుకున్న మోకాలు మీదుగా నేరుగా వెన్నుకు పోతుంది. పళ్లు కొట్టుకుంటున్నా, కంటి ముందు అక్షరాలు చెదిరినా భంగిమ తప్పినట్టే. మోకాళ్లు ఇంకాస్త వంచి, బరువును మడమల మీంచి పాదం ముందు భాగానికి జరపాలి. వెన్ను మీద ఎక్కువ ప్రభావం చూపేవి 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య నిలువు కదలికలు, ప్రత్యేకంగా కూర్చున్నప్పుడు. అందుకని ప్లేటు మీద కూర్చోవద్దు. స్పీడు పెంచేటప్పుడు ఆ చిన్న అంకెల దగ్గర ఆగకుండా త్వరగా దాటాలి.

కుర్చీలో కూర్చుని పాదాలు మాత్రమే ప్లేటు మీద పెట్టే పద్ధతి పెద్దవాళ్లకు సులువు. ప్రమాదం తక్కువే, కానీ కాలి మీద శరీరం బరువు లేకపోతే పిక్క కండరం దాదాపు పనిచేయదు. చర్మం వెచ్చబడుతుంది, సిరల్లో రక్తం పైకి నెట్టే పని అంతగా జరగదు. ఇలా చేసేవాళ్లు మధ్యమధ్యలో మడమలు పైకెత్తి దించుతూ ఉంటే కొంత నయం.

చవక ప్లేట్లలో చాలావాటికి పట్టుకునే హ్యాండిల్ ఉండదు. అరవై దాటినవాళ్లకు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు హ్యాండిల్ ఉన్నదే కావాలి. నాళాలు వదులైన స్థితిలో గబుక్కున దిగితే కళ్లు తిరగవచ్చు. హ్యాండిల్ లేకపోతే ప్లేటును బరువైన డైనింగ్ టేబుల్ పక్కన పెట్టుకోవాలి, ప్లాస్టిక్ కుర్చీ ఆసరా ఆగదు. రబ్బరు తాళ్లు ఆసరా కావు.

ఎవరు ఎక్కకూడదు

ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, పిక్క నొక్కితే నొప్పి, వేడి ఉంటే అది సిరలో రక్తం గడ్డ కావచ్చు. దూర ప్రయాణం తర్వాతో, ఆపరేషన్ అయి మంచాన ఉన్నాకో ఇలా జరిగితే ప్లేటు మాట పూర్తిగా మరిచి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, కంటి రెటీనా సమస్య ఉన్నవాళ్లు, కిడ్నీలో లేదా పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, నడుము డిస్కు నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లు ఎక్కకూడదు. మోకాలు, తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లు తమ సర్జన్‌ను అడగాలి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతూ ఉంటే ధమనిలో అడ్డు ఉండవచ్చు. దానికి యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ అనే పరీక్ష ఉంది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు, నొప్పి లేని పరీక్ష. 0.9 కన్నా తక్కువ వస్తే కాళ్ల ధమనుల జబ్బు ఉన్నట్టు లెక్క. 1.4 దాటితే బాగుందని సంబరపడకూడదు. షుగర్ వల్ల ధమని గోడ గట్టిపడి, కఫ్ ఎంత బిగించినా నొక్కుకోకపోతే అలా వస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలవాల్సి ఉంటుంది. వాస్క్యులర్ విభాగం ఉన్న ఆసుపత్రిలో, ఉదాహరణకు పంజాగుట్ట నిమ్స్‌లో, చూపించుకుని ఆ అంకె తెలుసుకున్నాకే మిషన్ గురించి ఆలోచించాలి.

స్పర్శ తగ్గిన పాదంతో ఇంకో ప్రమాదం ఉంది. ప్లేటు మీది గరుకు బొడిపెలు అరికాలిని రాపిడి పెడుతున్నా తెలియదు. బొబ్బ లేచి, పుండు పడి, మానకపోతే వ్యవహారం వేలు తీసేదాకా వెళ్లవచ్చు. ఎక్కే ముందూ దిగాకా అరికాలు అద్దంలో చూసుకోవాలి. బొటనవేలి గోరు పక్కన ఐదు సెకన్లు నొక్కి వదిలి, తెల్లబడిన చోటు మళ్లీ ఎర్రబడటానికి ఎంతసేపు పడుతుందో గమనించాలి. మామూలుగా రెండు మూడు సెకన్లలో రంగు వస్తుంది. ఏసీ షోరూములో పాదం చల్లబడి ఉంటే ఇది ఆలస్యమవుతుంది, కాబట్టి ఇంట్లో మామూలు వేడిలో చూసుకోవాలి. పాదం మీద పుండు, పగుళ్లలో నెత్తురు ఉంటే ఆ రోజుకు మిషన్ వద్దు.

చేతులకు మాత్రం వద్దు

కొన్ని బ్రోచర్లలో నేల మీద మోకాళ్లూని, అరచేతులు ప్లేటు మీద పెట్టి "చేతుల సర్క్యులేషన్ కోసం" అని బొమ్మ వేస్తారు. ముంజేతి చర్మంలో కొద్ది నిమిషాల వైబ్రేషన్‌తో ప్రవాహం పెరిగినట్టు అధ్యయనాలు ఉన్నమాట నిజమే. వేళ్ల సంగతి వేరు. వేళ్లకు వైబ్రేషన్ తగిలినప్పుడు, ముఖ్యంగా ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర, నాళాలు ముడుచుకుంటాయి. ఒక చేతికే ఇచ్చినా రెండో చేతి వేళ్లలోనూ రక్తం తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బు వస్తుంది. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రపు బెడ్‌ఫర్డ్ సున్నపురాయి కార్మికుల్లో దీన్ని నమోదు చేశారు. చల్లటి పొద్దుల్లో వాళ్ల వేళ్లు పాలిపోయేవి. యూరప్‌లో దీని కోసమే 2002 నాటి నిబంధన ఒకటి ఉంది. 8 గంటల పనికి చేతుల మీద వైబ్రేషన్ త్వరణం సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని చర్యలు మొదలుపెట్టాలి, 5 మీటర్లు దాటనివ్వకూడదు. మన ఊళ్లో పునాదుల కోసం బండరాయి మీద బ్రేకర్ పట్టేవాళ్లూ, బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో గ్రైండర్ పట్టేవాళ్లూ రోజూ పడే వైబ్రేషన్ ఈ రకానిదే. అలాంటి పనిలో ఉండి వేళ్లు తిమ్మిరెక్కుతున్నవాళ్లకు ఇంటికెళ్లి చేతులతో ప్లేటు పట్టమనడం తప్పు సలహా.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి, ఏమేం పాడవుతాయి

అపార్టుమెంటులో గది నడిమధ్య పెడితే స్లాబు కూడా కలిసి ఊగుతుంది, కింది ఫ్లాటువాళ్ల ఫ్యాను దాకా అదురు పోతుంది. పిల్లరు పక్కనో, బీము మీదో, గోడ మూలకో పెట్టాలి. కింద మెత్తటి యోగా మ్యాటు వేయకూడదు. పాదానికి రావాల్సిన కదలిక మ్యాటులోకి పోతుంది, ప్లేటు నడుస్తూ జరుగుతుంది. రాణిగంజ్‌లో దొరికే 10 లేదా 12 మి.మీ. గట్టి రబ్బరు షీటు ముక్క కోయించుకుంటే చాలు. నునుపైన టైల్స్ మీద సక్షన్ కాళ్లు దుమ్ముంటే పట్టవు. తడి గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టాలి.

మొదట చెడేది సాధారణంగా బెల్టు. అది సాగితే మనిషి ఎక్కగానే కీచుమని స్పీడు పడిపోతుంది. మొదటి రోజు తీసిన స్లో మోషన్ వీడియో దాచుకుంటే, ఆరు నెలల తర్వాత మళ్లీ తీసి పోల్చుకోవచ్చు. టకటకమని లోహపు చప్పుడు వస్తే ప్లేటును ఊపే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ బేరింగ్ అరిగినట్టు. ఒక కాలికి ఎక్కువ, ఇంకో కాలికి తక్కువ అనిపిస్తే ఇరుసు దగ్గరి రబ్బరు బుష్ ఒకవైపు నలిగింది. బ్రష్‌లున్న డీసీ మోటారు మోడళ్లలో కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్ తీయాలి. ఇవన్నీ మార్చగలిగిన భాగాలే, దొరికితే. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. 200 వాట్ల మోటారు 10 నిమిషాలు తిరిగితే యూనిట్‌లో ముప్పయ్యో వంతు.

ఒక బ్రాండు ప్లేటు విషయంలో సర్వీసు చేదుగా అనుభవమైంది. వారంటీ కార్డు మీద "ఆన్‌సైట్" అని ఉన్నా, బెల్టు మార్చడానికి మిషన్ మనమే మోసుకు రావాలన్నారు. పదీ పదిహేను కిలోల బరువును మెట్లు దింపి ఆటోలో వేసుకెళ్లడం, కాళ్లు బాగాలేకనే మిషన్ కొన్న మనిషికి అయ్యే పని కాదు. అందుకని బిల్లు మీదే మూడు మాటలు రాయించుకోవాలి: సర్వీసు ఇంటికి వచ్చి చేస్తారా, మోటారుకూ బెల్టుకూ వారంటీ ఎన్నేళ్లు, విడిభాగాలు హైదరాబాద్‌లో దొరుకుతాయా.

నరాల జబ్బు నయమవుతుంది, షుగర్ తగ్గుతుంది అని అమ్మేవాళ్లు చెబితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అయిన సీడీఎస్‌సీఓ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో వైద్య పరికరాలన్నీ ఆ సంస్థ నియంత్రణ కిందికి వచ్చాయి. షుగర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. నంబరు చూపించలేకపోతే అది వ్యాయామ పరికరం మాత్రమే, దాని ధర కూడా అలాగే ఉండాలి. డబ్బా మీద రాసినదానికీ షాపులో కొలిచినదానికీ పొంతన లేకపోతే ఆ వీడియో, బిల్లు కాపీ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు రిటర్న్ గడువు పోకముందే, పెట్టె విప్పిన రోజే ఫ్రేములు లెక్కపెట్టుకోవాలి.